బెర్లిన్ గోడల వెంట ఒక రోజు: వీధి బొమ్మలు చూస్తూ నడిచే దారి

బెర్లిన్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు, వాళ్లని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు మొదటి వారాంతంలోనే బ్రాండెన్‌బర్గ్ గేటు, పార్లమెంటు మీది గాజు గుమ్మటం, టీవీ టవర్ చుట్టేస్తారు. తర్వాత ఏం చూడాలని ఎవరైనా అడిగితే నేను ఒకటే చెప్తాను. మంచి బూట్లు వేసుకోండి, గోడలు చూద్దాం పదండి అని.

మొదట్లో నేనూ అందరిలాగే బొమ్మలు చూసి ఫొటోలు తీసుకుని వచ్చేసేవాణ్ణి. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని క్రాయిట్స్‌బర్గ్ అనే పేటకి తీసుకెళ్లాను. అయిదంతస్తుల ఎత్తున్న ఒక బొమ్మ ముందు ఆయన చాలాసేపు నిలబడి, "ఇంత పెద్ద గోడకి ఒక్క కిటికీ కూడా లేదేంట్రా? దీని పక్కనుండాల్సిన ఇల్లు ఏమైంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ అపార్ట్‌మెంట్లు ఒకదానికొకటి ఆనించి కట్టారు. ఒక ఇంటికి నిప్పంటుకుంటే పక్క ఇంటికి పాకకుండా మధ్య గోడలకి కిటికీలు పెట్టలేదు. వాటిని బ్రాండ్‌మావర్ అంటారు, అంటే నిప్పుని ఆపే గోడ. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి పక్క ఇళ్లు కూలిపోయాక ఈ మొండి గోడలు వీధిలోకి తేలాయి. ఈ నగరంలోని పెద్ద బొమ్మల్లో చాలా వాటికి కాన్వాసు అదే.

అప్పటినుంచి నేను బొమ్మకన్నా ముందు గోడని చూస్తున్నాను. ఇది ఎవరి గోడ, ఎందుకు ఖాళీగా ఉంది, దీనిమీద వేయడానికి ఎవరు ఒప్పుకున్నారు? కింద చెప్పే దారంతా ఈ ప్రశ్నలు అడుగుతూ నడవడానికే. మొత్తం అయిదారు కిలోమీటర్లు ఉంటుంది. ఆగుతూ, తింటూ, కూర్చుంటూ నడిస్తే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా పడుతుంది.

బయల్దేరే ముందు

మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి చలికాలంలో వచ్చేవాళ్లు ఈ దారిని రెండు రోజులకి పంచుకోండి. వేసవిలో కూడా ఒక పల్చటి వాన కోటు బ్యాగులో పెట్టుకోండి. గొడుగు మాత్రం వద్దు, నది పక్కన గాలికి తిరగబడిపోతుంది.

టికెట్ ఏబీ జోన్‌ది, అంటే నగరం లోపల తిరగడానికిచ్చేది, సరిపోతుంది. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫాం మీదుండే చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించడం మర్చిపోవద్దు. ఇక్కడ లోపలికి వెళ్లడానికి గేట్లు ఉండవు కాబట్టి ఎవరూ అడగరని అనిపిస్తుంది. తనిఖీ చేసేవాళ్లు మామూలు బట్టల్లో వస్తారు. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే, జరిమానా 60 యూరోలు. మీ దగ్గర నెల పాసు గానీ సెమిస్టర్ టికెట్ గానీ ఉంటే ఈ టెన్షన్ లేదు.

మంచినీళ్ల సీసా పెట్టుకోండి. ఫోన్‌తో పాటు ఒక చిన్న నోట్‌బుక్ కూడా తీసుకెళ్లమని నా సలహా. ఎందుకో చివర్లో చెప్తాను.

గోడ మీది భాష

బయల్దేరే ముందే నాలుగైదు మాటలు తెలిసి ఉంటే మంచిది. అప్పుడు చెత్తలా కనిపించే గీతలు కూడా విడివిడిగా కనబడతాయి.

ఒకే రంగుతో, ఒక్క ఊపులో రాసే పేరుని ట్యాగ్ అంటారు. అది సంతకం. రెండు మూడు రంగులతో ఉబ్బిన అక్షరాల్లా త్వరత్వరగా వేసేది త్రో-అప్. గంటలు వెచ్చించి రంగులు కలిపి, నీడలు పెట్టి వేసేది పీస్. వీటి మధ్య రాయని నియమం ఒకటి ఉంది. ట్యాగ్ మీద త్రో-అప్ వేయొచ్చు, త్రో-అప్ మీద పీస్ వేయొచ్చు. మంచి పీస్ మీద ఎవరైనా ట్యాగ్ గీకితే అది అవమానం కిందే లెక్క. గోడ మీద ఒకదానిమీద ఒకటి ఉన్న పొరలు చూసినప్పుడు ఈ నియమం గుర్తు తెచ్చుకుంటే, అక్కడ ఎవరు ఎవరికి జవాబు చెప్తున్నారో కొంత అర్థమవుతుంది.

కత్తిరించిన అట్టని గోడకి ఆనించి స్ప్రే కొడితే స్టెన్సిల్. ఇంట్లో కాగితం మీద గీసుకొచ్చి గోడకి అంటిస్తే పేస్ట్-అప్. ఈ పేస్ట్-అప్ గురించి మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మన ఊళ్లలో సినిమా పోస్టర్లు అంటించడానికి మైదా ఉడికించి జిగురు చేసేవాళ్లు కదా, ఇక్కడి పేస్ట్-అప్ జిగురు కూడా పిండీ నీళ్లతో ఉడికించేదే. పట్టుబడినా నష్టం తక్కువ, అంటించడానికి పది సెకన్లు చాలు. అందుకే క్రాయిట్స్‌బర్గ్‌లో తలుపుల పక్కన, కరెంటు పెట్టెల మీద ఇవే ఎక్కువ కనిపిస్తాయి. కొన్నాళ్ల వానకి పోతాయి కూడా.

భవనం పైనుంచి కింది దాకా నిలువుగా, ఎరుపు నీలం రంగుల్లో విచిత్రమైన కోణాల అక్షరాలు కనిపిస్తే అవి బెర్లిన్ కిడ్స్ అనే గుంపువి. వీళ్లు పైకప్పుల మీదినుంచి తాళ్లతో దిగుతూ రాస్తారు. ఈ నిలువు అక్షరాలకి మూలం బ్రెజిల్‌లోని సావో పావ్లో గోడ రాతలు. 1అప్ అనే మూడు గుర్తుల పేరు కూడా నగరమంతా, ఎక్కువగా పైకప్పుల అంచుల మీద కనిపిస్తుంది. అది వన్ యునైటెడ్ పవర్ అనే మరో గుంపు. ఎన్ని చోట్ల చూశారో లెక్కపెట్టమని పిల్లలకి చెప్పండి, రోజంతా విసుగు లేకుండా నడుస్తారు.

మొదటి మజిలీ: ఓస్ట్‌బాన్‌హోఫ్ నుంచి నది వెంట

పొద్దున తొమ్మిదికల్లా ఓస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో దిగి మ్యూలెన్ స్ట్రాస (స్ట్రాస అంటే వీధి) వైపు నడవండి. ష్ప్రే నదికి సమాంతరంగా 1.3 కిలోమీటర్ల పొడవున నిలబడి ఉన్న అసలు బెర్లిన్ గోడ ఇక్కడే మొదలవుతుంది. దీన్నే ఈస్ట్ సైడ్ గ్యాలరీ అంటారు. పొద్దున్నే రమ్మనడానికి కారణం ఎండ. బొమ్మలున్న వైపు ఈశాన్యానికి తిరిగి ఉంటుంది, వాటి మీద వెలుగు పడేది ఉదయం పూటే. పదకొండు దాటాక టూరిస్టు బస్సులు వస్తాయి, మధ్యాహ్నం తర్వాత నీడ పడుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిచేసుకోవాలి. ఈ బొమ్మలు గోడకి కాపలా ఉన్న రోజుల్లోనివని చాలామంది అనుకుంటారు. కాదు. కమ్యూనిస్టు తూర్పు జర్మనీ కట్టిన ఈ గోడ 1961 ఆగస్టు 13న మొదలై 1989 నవంబరు 9 దాకా నగరాన్ని రెండు ముక్కలు చేసింది. ఆ రోజుల్లో తూర్పు వైపు గోడ దగ్గరికి రావడమే ప్రాణాపాయం, దాని మీద ఒక్క గీత ఉండేది కాదు. రంగులన్నీ పశ్చిమం వైపే. అక్కడ కూడా నిర్భయంగా వేసింది కాదు. గోడని సరిహద్దు గీతకి కొంచెం లోపలికి, తమ నేల మీదే తూర్పు జర్మనీ కట్టుకుంది. అందువల్ల పశ్చిమం వైపు నిలబడి గోడ మీద రంగు వేసేవాడు కూడా తూర్పు నేల మీద నిలబడ్డట్టే. కాపలా సైనికులు వచ్చి పట్టుకుపోవచ్చు. తియెరీ న్వార్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1984లో పశ్చిమం వైపు గోడ మీద వేయడం మొదలుపెట్టినప్పుడు పెద్ద పెదవులు, ఒక కన్ను, ఒకటి రెండు రంగులతో పొడుగాటి తలలు మాత్రమే గీసేవాడు. త్వరగా వేసి పరుగెత్తాలంటే అదే దారి. ఈ గ్యాలరీలో కూడా ఆయన తలలు వరుసగా ఉంటాయి, ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి. ఆ సరళత వెనక భయం ఉందని తెలిశాక నాకు అవి పిల్లల బొమ్మల్లా కనిపించడం మానేశాయి.

గోడ తెరుచుకున్నాక, 1990లో 21 దేశాల నుంచి 118 మంది చిత్రకారులు వచ్చి అంతకుముందు ఎవరూ ముట్టుకోని ఈ తూర్పు వైపుని బొమ్మలతో నింపారు. 1991లో దీన్ని రక్షిత కట్టడంగా గుర్తించారు. వాన, పొగ, సందర్శకుల సంతకాలతో పాడైపోతే 2009లో పాత చిత్రకారులనే పిలిచి మళ్లీ వేయించారు. కొందరు ఒప్పుకోలేదు. అంటే మీరు చూస్తున్నవాటిలో చాలా భాగం 1990 నాటి బొమ్మలకి 2009 నాటి చెయ్యి. దీనివల్ల విలువ తగ్గిందా అని నాతో వాదించినవాళ్లున్నారు. నా మట్టుకు నాకు తగ్గలేదు. వేసినవాళ్లే వచ్చి వేశారు, గోడ అదే గోడ.

తప్పకుండా ఆగాల్సినవి మూడు. మొదటిది ద్మిత్రి వ్రూబెల్ వేసిన ముద్దు. సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్, తూర్పు జర్మనీ నాయకుడు హోనెకర్ పెదవుల మీద ముద్దు పెట్టుకుంటూ ఉంటారు. ఇది కల్పన కాదు, 1979లో తూర్పు జర్మనీ 30 ఏళ్ల వేడుకలప్పుడు తీసిన ఫొటో ఆధారంగా వేసిందే. బొమ్మ మీద రష్యన్‌లోనూ జర్మన్‌లోనూ ఉన్న వాక్యానికి, దేవుడా, ఈ ప్రాణం తీసే ప్రేమ నుంచి నన్ను బతికించు అని అర్థం. దీని ముందు ఎప్పుడూ జనం ఉంటారు, ఓపిక పట్టండి. రెండోది బిర్గిట్ కిండర్ వేసిన, తూర్పు జర్మనీలో తయారైన ట్రబాంట్ కారు, గోడని చీల్చుకుని మన మీదికి వస్తున్నట్టు ఉంటుంది. దాని నెంబరు ప్లేటు చదవండి, గోడ తెరుచుకున్న తేదీ ఉంటుంది. మూడోది కానీ అలవి వేసిన ముఖాల ప్రవాహం. రెండు గోడల మధ్య ఇరుకు సందులోంచి వేల ముఖాలు పశ్చిమంలోకి వచ్చిపడుతుంటాయి. దగ్గరికి వెళ్లి ఒక్కొక్క ముఖం చూడండి. సంతోషంగా ఉన్నవి కొన్నే, భయపడుతున్నవి, ఏం చేయాలో తోచనివి ఎక్కువ. ఆయన ఆ రాత్రి సరిహద్దు పక్కనే ఉండి చూసినవాడు. ఈ గోడ మొత్తానికి నాకు నచ్చిన బొమ్మ ఇదే.

నడుస్తూ ఉంటే మధ్యలో గోడ తెగిపోయి ఖాళీలు కనిపిస్తాయి. 2013లో నది పక్కన అపార్ట్‌మెంట్ల టవర్ కట్టడానికి కొన్ని పలకలు తొలగించబోతే వేలమంది వచ్చి అడ్డుకోవాలని చూశారు. టవర్ మాత్రం లేచింది. ఒకప్పుడు గోడ కూలినందుకు పండగ చేసుకున్న నగరం, గోడ కూల్చొద్దని వీధిలోకి వచ్చింది. ఆ ఖాళీ దగ్గర ఒక నిమిషం ఆగి చూడండి.

ఒక జాగ్రత్త. పర్యాటకులు గుమిగూడే చోట్ల మూడు అగ్గిపెట్టెలతో బంతి ఎక్కడుందో చెప్పమనే ఆట పెడతారు. గెలుస్తున్నట్టు కనిపించేవాళ్లంతా వాళ్ల మనుషులే. అటు వెళ్లొద్దు. సెల్ఫీ తీసుకునేటప్పుడు బ్యాగు ముందుకి వేసుకోండి.

రెండో మజిలీ: ఓబర్‌బౌమ్ వంతెన

గోడ అయిపోయే చోట ఎర్ర ఇటుకల వంతెన ఉంటుంది, రెండు బురుజులతో చిన్న కోటలాగా. 1896 నాటిది. పైన యు1 మెట్రో, కింద మనుషులు, వాహనాలు. ఇటు ఫ్రీడ్రిక్స్‌హైన్, ఒకప్పటి తూర్పు. అటు క్రాయిట్స్‌బర్గ్, ఒకప్పటి పశ్చిమం. గోడ ఉన్న రోజుల్లో ఇది నడిచి దాటే సరిహద్దు ద్వారం.

కమానుల కింద నీడలో నడిచి మధ్యలో ఆగండి. ఈ చోట నది మొత్తం, అవతలి గట్టు దాకా, తూర్పు బెర్లిన్‌కి చెందేది. క్రాయిట్స్‌బర్గ్ పిల్లలు గట్టున ఆడుకుంటూ నీళ్లలో పడితే పశ్చిమం వైపు అగ్నిమాపక సిబ్బంది కళ్లముందే ఉండి కూడా దిగలేకపోయేవాళ్లు, దిగితే కాల్పులు జరుగుతాయని. అలా అయిదుగురు పిల్లలు మునిగిపోయాక, 1975లో రెండు ప్రభుత్వాలూ సహాయానికి ఒప్పందం చేసుకున్నాయి. నది మీద పడవలు, బీరు సీసాలు పట్టుకున్న కుర్రాళ్లు, గిటారు వాయించేవాడు, ఇవన్నీ చూస్తూ ఆ సంగతి తలుచుకుంటే మనసు భారమవుతుంది. వంతెన కమాను దగ్గర రాయి, కాగితం, కత్తెర ఆటలోని చేతుల ఆకారాలు నియాన్ గొట్టాలతో పెట్టి ఉంటాయి. టోర్స్టెన్ గోల్డ్‌బెర్గ్ 1997లో పెట్టింది. ఎవరు గెలుస్తారనేది ప్రతిసారీ మారుతుంటుంది. రెండు వైపుల మధ్య నిర్ణయాలు ఎలా జరిగాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

వంతెన చివరికి వస్తుండగా ఎదురుగా ఒక మొండి గోడ మీద గులాబీ రంగు రాక్షసుడు కనిపిస్తాడు. బ్లూ అనే ఇటలీ చిత్రకారుడు 2007లో వేశాడు. దూరం నుంచి ఒక్క శరీరమే. రోడ్డు దాటి దగ్గరికి వెళితే ఆ ఒళ్లంతా వందలకొద్దీ చిన్న చిన్న నగ్న మనుషులు, ఒకరినొకరు పట్టుకుని, తొక్కుకుని ఉంటారు. ఆ పెద్ద మూక తన వేళ్ల మధ్య ఒకే ఒక్క తెల్లటి మనిషిని పట్టుకుని నోటి దగ్గరికి తెస్తుంటుంది. ఈ బొమ్మని రెండు దూరాల నుంచీ చూడకపోతే సగమే చూసినట్టు.

మూడో మజిలీ: శ్లేసిషెస్ టోర్ చుట్టూ, ఇప్పుడు లేని ఒక బొమ్మ

శ్లేసిషెస్ టోర్ మెట్రో స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర, పన్నెండు అవుతుంది. ముందు ఏదైనా తినండి. శాకాహారులకి ఇబ్బంది లేదు, ప్రతి మూలా టర్కీ, అరబ్ కొట్లే. ఫలాఫెల్ గానీ, హలూమి అనే జున్నుని కాల్చి రొట్టెలో చుట్టి ఇచ్చేది గానీ తీసుకోండి. "షార్ఫ్" అంటే కారం. మనకి ఆ మాట ఒక్కటి వస్తే చాలు, రెండుసార్లు అనండి.

తిన్నాక ఓప్పెల్నర్ స్ట్రాస మూలకి వెళ్లండి. ఒక భవనం పక్క గోడంతా పట్టేసి, పసుపు పచ్చ ఒంటి మనిషి ఉంటాడు. బ్రెజిల్‌కి చెందిన కవల సోదరులు ఓస్ జేమియోస్ వేసింది. వాళ్ల పేరుకి అర్థమే కవలలు. పసుపు రంగు ఒళ్లు వాళ్ల ముద్ర, ప్రపంచంలో ఎక్కడ కనిపించినా గుర్తుపట్టొచ్చు.

అక్కణ్ణించి కువ్రీ స్ట్రాస నది వైపు చివరికి నడవండి. అక్కడ ఇప్పుడు ఆఫీసు భవనాలు ఉంటాయి, చూడటానికి ఏ బొమ్మా ఉండదు. అయినా తీసుకెళ్తున్నాను, ఎందుకంటే బెర్లిన్ వీధి బొమ్మల కథలో నాకు తెలిసి అన్నిటికన్నా పెద్ద సంఘటన ఇక్కడే జరిగింది. 2007, 2008లో బ్లూ ఇక్కడి రెండు మొండి గోడల మీద రెండు భారీ బొమ్మలు వేశాడు. మొదటి దానికి ఫ్రెంచి కళాకారుడు జేఆర్ తోడయ్యాడు. ఒకదాంట్లో ఇద్దరు మనుషులు ఒకరి ముసుగు ఒకరు లాగుతుంటారు, చేతివేళ్లతో తూర్పు, పశ్చిమం గుర్తులు చూపిస్తుంటారు. రెండోదాంట్లో తల లేని సూటు మనిషి టై సర్దుకుంటుంటాడు, రెండు చేతులకీ బంగారు గడియారాలు, వాటి మధ్య గొలుసు, అంటే బేడీలు. ముందున్న ఖాళీ స్థలంలో ఇల్లు లేనివాళ్లు గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు. బొమ్మలు పోస్టుకార్డుల మీదికి, పర్యాటక పుస్తకాల్లోకి ఎక్కాయి. 2014 సెప్టెంబరులో ఆ గుడిసెలు ఖాళీ చేయించారు, కొత్త భవనాలకి రంగం సిద్ధమైంది.

అదే ఏడాది డిసెంబరులో ఒక రాత్రి, బ్లూ సమ్మతితోనే, ఆ బొమ్మలు వేయించినవాళ్లే క్రేను ఎక్కి రెండు గోడలకీ నల్లరంగు పూసేశారు. పేదల్ని పంపేసి కడుతున్న ఇళ్లకి, ఆ పేదల మధ్య పుట్టిన బొమ్మ అందమైన వ్యూగా అమ్ముడుపోకూడదని. చెరిపేసింది మునిసిపాలిటీ కాదు, యజమాని కాదు, కళాకారుడే. నేను మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు కోపం వచ్చింది, అంత మంచి బొమ్మని ఎలా చంపుకుంటారని. ఇప్పుడు అదే చోట నిలబడి ఆ గాజు కిటికీలు చూస్తే ఆయన చేసింది సరైనదే అనిపిస్తుంది. మీరూ అక్కడ నిలబడి ఆలోచించండి. పాత ఫొటో ఒకటి ఫోన్‌లో ముందే పెట్టుకుని వెళితే పోల్చి చూడొచ్చు.

నాలుగో మజిలీ: యు1 పట్టాల కింద కోట్‌బుసర్ టోర్ దాకా

మళ్లీ శ్లేసిషెస్ టోర్‌కి వచ్చి స్కాలిట్సర్ స్ట్రాస పట్టుకోండి. పైన ఇనప స్తంభాల మీద మెట్రో వెళుతుంటుంది, ఆ వంతెననే గుర్తుగా పెట్టుకుంటే దారి తప్పరు.

ఈ పేట ఇలా ఎందుకు తయారైందో నడుస్తూ చెప్పుకుందాం. క్రాయిట్స్‌బర్గ్‌లోని ఈ తూర్పు భాగానికి మూడు వైపులా గోడే. నగరం మధ్యలో ఉండాల్సిన పేట అంచుకి నెట్టబడింది. డబ్బున్నవాళ్లు వెళ్లిపోయారు, అద్దెలు పడిపోయాయి. టర్కీ నుంచి ఫ్యాక్టరీ పనులకి పిలిపించిన కార్మికులు ఇక్కడ చేరారు. పశ్చిమ బెర్లిన్‌లో ఉంటే సైన్యంలో చేరాల్సిన పని లేదు కాబట్టి అది ఇష్టం లేని కుర్రాళ్లు పశ్చిమ జర్మనీ నుంచి వచ్చారు. ఖాళీ ఇళ్లని ఆక్రమించి కాపురాలు పెట్టారు. యజమానులు పట్టించుకోని గోడలు, రాయాలనుకునే చేతులు ఒకేచోట కలిశాయి. ఒకప్పటి పోస్టల్ కోడ్ పేరు మీద దీన్ని ఇప్పటికీ ఎస్ఓ 36 అంటారు, గోడల మీద 36 అంకె కనిపిస్తే అదే.

గోర్లిట్సర్ బాన్‌హోఫ్ స్టేషన్ దగ్గర తలెత్తి చూస్తే నలుపు తెలుపుల్లో తలకిందులుగా వేలాడుతున్న జంతువులు కనిపిస్తాయి. బెల్జియంకి చెందిన రోఆ వేసింది. మాంసం కొట్లో కట్టి వేలాడదీసినట్టు ఉంటాయి, వెంట్రుకలు కూడా గీత గీతగా. ఇవి అందరికీ నచ్చవు. మా అమ్మ ఒక్కసారి చూసి ముఖం తిప్పేసుకుంది. నగరాల్లో పక్కకి నెట్టేసిన జంతువులనే రోఆ ఎప్పుడూ భవనాలంత పెద్దవి చేసి చూపిస్తాడు. పిల్లలు వెంట ఉంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇక్కడ ఒరానియన్ స్ట్రాసలోకి తిరిగి కొంత దూరం నెమ్మదిగా నడవండి. పెద్ద బొమ్మలు వదిలేసి కళ్లు నడుము ఎత్తుకి దించండి. ఇళ్ల గుమ్మాలు, నీటి గొట్టాలు, షట్టర్లు. స్టెన్సిళ్లు, పేస్ట్-అప్‌లు, స్టిక్కర్లు, టర్కీ భాషలో నినాదాలు, అద్దెల మీద ఆగ్రహం, తప్పిపోయిన పిల్లి పోస్టరు, అన్నీ ఒకదానిమీద ఒకటి. ఇక్కడ అరగంట గడపకపోతే ఈ నడక వృథా. పెద్ద మ్యూరల్స్, అంటే గోడంత బొమ్మలు, అనుమతితో, క్రేనుతో వేస్తారు. కానీ ఈ చిన్నవి రాత్రి పూట భయపడుతూ అంటించినవి.

తర్వాత మారియానెన్ స్ట్రాస వైపు వెళ్లండి. అక్కడ నల్లటి వ్యోమగామి తెల్లగోడ మీద మన వైపు తేలి వస్తుంటాడు. విక్టర్ ఆష్ 2007లో వేసింది, ఎత్తు దాదాపు 22 మీటర్లు. రంగు కారిన చారికలు, తెగిన అంచులు చూసి పెద్ద స్టెన్సిల్ అనుకుంటారు. గోడని గడులుగా విడగొట్టి చేత్తో వేశాడు. అమెరికా, రష్యా అంతరిక్ష పోటీని, ఆ రెండింటి మధ్య నలిగిన నగరం మధ్యలో పెట్టడం ఆయన ఆలోచన.

ఓపిక ఉంటే ఇంకో పది నిమిషాలు నడిచి మారియానెన్ ప్లాట్స్ దాటి వెళ్లండి, అక్కడి చర్చి వెనకాల. చెక్కలు, పాత సామానుతో కట్టిన ఒక వంకర ఇల్లు, చుట్టూ కూరగాయల తోట ఉంటుంది. వీధి బొమ్మ కాదు గానీ గోడ కథ తెలిసినవాళ్లు వదలకూడదు. గోడ కట్టేటప్పుడు వంపు తిరగకుండా నేరుగా కట్టడంతో, తూర్పుకి చెందిన చిన్న ముక్కోణపు నేల పశ్చిమం వైపు మిగిలిపోయింది. ఉస్మాన్ కాలిన్ అనే టర్కీ కార్మికుడు 1980లలో ఆ చెత్తకుప్పని శుభ్రం చేసి ఉల్లి, వెల్లుల్లి పెంచాడు. పశ్చిమం వాళ్లకి ఆ నేల మీద హక్కు లేదు, తూర్పు వాళ్లు గోడకి అవతల. ఆయన 2018లో చనిపోయాడు, ఇల్లు ఇంకా ఉంది. అది కుటుంబం ఇల్లు కాబట్టి కంచె బయటినుంచే చూడండి.

కోట్‌బుసర్ టోర్ చేరేసరికి కాళ్లు నొప్పి పెడతాయి. టీ తాగండి. ఈ కూడలిలో చీకటి పడ్డాక మత్తు పదార్థాల వ్యవహారం నడుస్తుంది. పగలు భయం లేదు, ఫోన్ మాత్రం జేబులో వేసుకుని నడవండి. మంగళ, శుక్రవారాల్లో వస్తే దగ్గర్లో మాయ్‌బాఖ్ ఊఫర్ కాలువ గట్టున టర్కీ సంత ఉంటుంది.

అయిదో మజిలీ: అనుమతి ఉన్న గోడలు

కోట్‌బుసర్ టోర్‌లో యు1 ఎక్కి నోలెన్‌డోర్ఫ్ ప్లాట్స్‌లో దిగండి. మెట్రో చాలా దూరం గాలిలోనే నడుస్తుంది కాబట్టి కిటికీ పక్కన కూర్చుంటే భవనాల పై అంతస్తుల రాతలు కళ్లకి ఎదురుగా వస్తాయి. బ్యూలో స్ట్రాస 7లో అర్బన్ నేషన్ మ్యూజియం ఉంది, 2017లో తెరిచారు, ప్రవేశం ఉచితం. భవనం ముందు గోడే మారుతూ ఉండే ప్రదర్శన. చుట్టుపక్కల వీధుల్లో కూడా ఈ సంస్థ వేయించిన పెద్ద మ్యూరల్స్ ఉన్నాయి.

లోపల బొమ్మలు నిజంగా బాగుంటాయి. అయినా పొద్దుటినుంచి వీధిలో చూసినవాటి తర్వాత ఇక్కడికొస్తే ఏదో తేడా తెలుస్తుంది. ముందు ఇక్కడికొచ్చి తర్వాత వీధిలోకి వెళితే తెలియదు. అందుకే దీన్ని చివర పెట్టాను.

ఇంకో పూట ఉంటే

హాకెషర్ మార్క్ట్ స్టేషన్ దగ్గర రోజెన్‌టాలర్ స్ట్రాస 39లోకి వెళ్లండి. పక్కనే మెరిసే పలకల ప్రాంగణాల్లోకి అందరూ వెళతారు. దాని పక్క సందు, ఇంకా గచ్చు పెచ్చులు ఊడుతున్నదే మీది. లోపల ప్రాంగణం గోడల మీద అంగుళం ఖాళీ ఉండదు. జిమ్మీ సీ అనే కళాకారుడు చుక్కలు చుక్కలుగా వేసిన, నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ముఖం ఉంటుంది. అదే ప్రాంగణంలో మెట్లెక్కితే ఓట్టో వైట్ అనే ఆయన వర్క్‌షాపు. బ్రష్షులు, చీపుళ్లు తయారుచేసే ఈయన నాజీల కాలంలో చూపులేని, వినికిడిలేని యూదులని పనిలో పెట్టుకుని కాపాడాడు, ఒక కుటుంబాన్ని వెనక గదిలో దాచాడు. ఆ గది ఇంకా ఉంది.

ఆదివారమైతే మావర్ పార్కుకి వెళ్లండి. అక్కడ మిగిలిన గోడ ముక్క మీద పట్టపగలే స్ప్రే డబ్బాలతో వేస్తుంటారు, ఎవరూ ఆపరు. పొద్దున వేసిన బొమ్మ సాయంత్రానికి ఉండదు. గోడకి ఆనుకుని ఫొటో దిగొద్దు, రంగు తడిగానే ఉంటుంది.

చేయకూడనిది

ఇంత చూశాక చెయ్యి ఊరుకోదు. మావర్ పార్కులాంటి చోటు తప్ప ఎక్కడా ఒక్క గీత కూడా గీయొద్దు. 2005 నుంచి జర్మనీ చట్టంలో, గోడ పగలకపోయినా దాని రూపు మార్చడమే నేరం, రెండేళ్ల దాకా జైలు గానీ జరిమానా గానీ ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లకి పోలీసు కేసు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఈస్ట్ సైడ్ గ్యాలరీ మీద పేరు రాసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. మన భాషలో రాసిన పేరు ఒకటి అక్కడ చూసి నాకు చాలా బాధ కలిగింది.

బొమ్మల ఫొటోలు తీసుకోవడానికి అభ్యంతరం లేదు. మనుషుల్ని, ముఖ్యంగా గోడ మీద వేస్తున్నవాళ్లని, అడగకుండా తీయొద్దు. కొందరు ముఖం దాచుకుని బతుకుతున్నవాళ్లు. ఇళ్ల ప్రాంగణాల్లోకి, గేటు తెరిచి ఉన్నా, పిలవకుండా వెళ్లొద్దు.

ఇక నోట్‌బుక్ సంగతి. తీసిన ప్రతి ఫొటోకి వీధి పేరు, తేదీ, గోడ మీద ఇంకేమేం ఉన్నాయో రెండు ముక్కలు రాసుకోండి. గోడ మొత్తం, పక్క ఇంటితో సహా వచ్చేలా ఒక ఫొటో, దగ్గరినుంచి ఒక ఫొటో తీయండి. ఆరు నెలల తర్వాత అదే దారిలో, అదే చోట నిలబడి మళ్లీ తీయండి. నా దగ్గర ఒరానియన్ స్ట్రాసలో ఒకే గుమ్మం ఫొటోలు పదకొండు ఉన్నాయి. మొదటిదాంట్లో కనిపించే గొడుగు పట్టుకున్న అమ్మాయి పేస్ట్-అప్ నాలుగో ఫొటో నాటికి సగం చిరిగింది, ఏడోదాంట్లో గొడుగు ఒక్కటే మిగిలింది.